తలాడించడం నేర్చిన పుల్లన్న

కొండకింద జంతువుల గూడెంలో ట్రాక్టర్ అడుగుపెట్టిన ఏడాదే ఎద్దులన్నిటికీ పని పోయింది. పుల్లన్న అనే ఎద్దుకు అరక లాగడం తప్ప మరో విద్య రాదు. ఆస్తి అంటారా, పాక వెనక ఒక గడ్డివామి. వేసవి గట్టెక్కాలంటే అదొక్కటే దిక్కు.

సరిగ్గా అప్పుడే వాగు ఒడ్డున నక్క బడి పెట్టింది. గంగిరెద్దు విద్య నేర్పుతుందట. కొమ్ములకు కుచ్చులు కట్టుకుని గుమ్మం ముందు నిలబడి, ఎవరేమడిగినా వినయంగా తలాడించాలి. పాసైనవాళ్లకు నక్క తన ముద్ర వేసిన రంగుల బొంత కప్పుతుంది. అది వీపుమీదుంటే ఏ ఇల్లాలైనా చాటెడు గింజలు పోస్తుందని దాని ప్రచారం. రుసుము మాత్రం గడ్డివామి మొత్తం. నక్కకు గడ్డెందుకంటారా, గూళ్లలో పరుచుకోవడానికి కోళ్లకిచ్చి గుడ్లు పుచ్చుకుంటుంది.

పక్క పాకలోని నల్లమ్మ గేదె వద్దంది. "పోసేవాళ్ల దగ్గర గింజలుండాలి కదరా తమ్ముడూ" అంది. పుల్లన్నకు అదీ నిజమే అనిపించింది. వాగు దగ్గరికెళ్లి నక్క మాట వింటే ఇదీ నిజమే అనిపించింది.

"ఉత్త ఎద్దుకీ బొంత ఎద్దుకీ తేడా లేదంటావా బావా?" అని నక్క మెత్తగా అడిగింది. లేదనడానికి పుల్లన్నకు నోరు రాలేదు. వామి ఇచ్చేశాడు.

అబద్ధం చెప్పకూడదు, నక్క విద్య బాగానే నేర్పింది. ఎదుటివాళ్లు నోరు తెరవగానే తల కిందికీ పైకీ ఆడాలి. ఆగి ఆలోచిస్తే బెత్తం దెబ్బే. కొన్నాళ్లకు పుల్లన్న తల ఆయనతో చెప్పకుండానే ఆడటం మొదలుపెట్టింది. నక్క మురిసిపోయి బొంత కప్పింది.

తీరా గూడెంలోకి వెళ్తే ఏ వీధిలో చూసినా బొంత ఎద్దులే. పైగా కరువు ఏడాది, చాటలన్నీ ఖాళీ. ఇందాకే ఒకాయన తలాడించి వెళ్లాడని చెప్పి ఉడతమ్మ తలుపేసుకుంది. పుల్లన్నకు అంతా అయోమయంగా ఉంది. బొంత నిజమైనదే, విద్యా నిజమైనదే. మోసమనడానికి ఎక్కడా పట్టు దొరకదు. మరి కడుపెందుకు మాడుతోంది?

ఇంతలో నల్లమ్మ ఒక కబురు తెచ్చింది. ఎలుగుబంటి కందిచేను ఏటవాలు, ట్రాక్టర్ ఎక్కదు, దున్నడానికి ఎద్దు కావాలట. పని ఉన్నన్నాళ్లూ కడుపునిండా మేత. పుల్లన్న పరుగున వెళ్లాడు.

ఎద్దును పనిలో పెట్టుకునేవాళ్లు అడిగే ప్రశ్నలే ఎలుగూ అడిగింది.

"ఏమయ్యా, అరక అలవాటేనా?"

పుల్లన్న తల ఆడింది.

"దున్నుతూ దున్నుతూ చాలు మధ్యలో పడుకునే గుణం ఉందా?"

పుల్లన్న పుట్టి బుద్ధెరిగాక చాలులో పడుకోలేదు. అయినా తల ఆడింది.

"కాలు విసురుతావా?"

మళ్లీ ఆడింది. అది కాదండీ అని పుల్లన్న నోరు తెరిచేసరికి, ఉన్నమాట ఒప్పుకున్నందుకు ఎలుగు మెచ్చుకుని, ఆయన వెనకాల వరసలో నిలబడ్డ ముసలి ఎద్దు మెడమీద కాడి పెట్టేసింది.

పుల్లన్న తిన్నగా వెళ్లి నక్కను నిలదీశాడు. నక్క ఓపిగ్గా అంతా వింది.

"విద్యలో లోపమేముంది బావా? ఆడాల్సినట్టే ఆడింది. లేదని చెప్పడానికి తల అడ్డంగా ఆడించాలి. అది పైతరగతి."

దానికి రుసుము పుల్లన్న పాకట. పుల్లన్నకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఈసారి మాత్రం ఏం చెప్పాలో ఆయనకు స్పష్టంగా తెలుసు.

"చేరతావా మరి?" అంది నక్క.

పుల్లన్న తల కిందికీ పైకీ ఆడింది. సాయంత్రానికల్లా నక్క ఆయన పాకలో కోళ్లను దించింది.

నీతి: దాచుకున్న తిండి పోసి విద్య కొనేముందు, ఆ విద్యను పిలిచే గుమ్మం ఒక్కటైనా ఉందో లేదో చూసుకోవాలి.