మూడేళ్ళు ఇచ్చేసిన రాణి

అనగనగా ఒక రాజు. ఆ రాజుకో రాణి. రాజుల సంగతులు మీకు చాలామంది చెప్పే ఉంటారు. వేటకెళ్తారు, మీసం దువ్వుతారు, అంతేగా! నేను రాణి సంగతి చెప్తాను.

ఆమె పేరు హేమాంగి. ఆమెకో కూతురు, ముత్యాలు. మూడేళ్ళు కూడా నిండలేదు గానీ నోరు మాత్రం ఊరంత.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పుట్టినరోజున తలంటి పోసి, పీట మీద కూర్చోబెట్టి, ఇంటి పెద్దావిడ ఏళ్ళదండలో ఒక పగడం గుచ్చుతుంది. కూర్చున్నవాళ్ళు తమకెన్నేళ్ళో అందరికీ వినబడేలా చెప్పాలి. చిన్నప్పుడు అందరూ అరిచి చెప్తారు. మీరు మాత్రం? ఐదున్నర, ఆరున్నర అంటూ ఆ అర కూడా వదలరు! హేమాంగీ అలాగే అరిచేది. పిల్ల పుట్టాక ఆ గొంతు సన్నబడింది. ఇరవై ఏడొచ్చినా ఇరవై ఆరే అంది. ఇరవై ఎనిమిదొచ్చినా ఇరవై ఆరే అంది.

ఇరవై తొమ్మిదో పుట్టినరోజుకి రాజుగారి చెల్లెలు రత్నప్రభ వచ్చింది.

"వదినా, ఈ ఏడూ ఇరవై ఆరేనా? ఈసారి పగడాలు ఒక్కొక్కటే లెక్కపెడతాం సుమా!"

హేమాంగికి తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే గాజులమ్మేవాడి వేషంలో ఒక మాంత్రికుడు వచ్చాడు. వాడి భుజం మీద చిలక.

"అమ్మగారూ, మూడు పగడాలు మా చిలక నోట్లో వెయ్యండి. మూడేళ్ళు మాయమైపోతాయి."

రాణి వేసింది. ఒకటి, రెండు, మూడు. చిలక గుటుక్కున మింగింది. అద్దంలో చూసుకుంటే బుగ్గలు నిండాయి, నడుం సన్నబడింది. ఎగురుకుంటూ కూతురి దగ్గరికి పరుగెత్తింది.

"ముత్యాలూ, మీ అమ్మని చూడవే!"

ముత్యాలు దాసీ కొంగు చాటుకి వెళ్ళింది. "ఈ అక్క ఎవరు? మా అమ్మేది?"

అక్క! నిన్న ఎవరైనా ఆ మాటంటే పొంగిపోయేది. ఇవాళ ముల్లులా దిగింది. ఆ రోజంతా పిల్ల ముద్ద ముట్టలేదు. అమ్మా అమ్మా అంటూ గది గదీ వెతికింది, అమ్మ పక్కనుంచే నడిచి వెళ్ళి వెతికింది.

"పిల్లకేమైంది దేవీ?" అన్నాడు రాజు.

"దిష్టి తగిలినట్టుంది," అంది రాణి. పాపం అత్తగారు నిజమనుకుని ఎర్రనీళ్ళు దిగదుడిచింది. రాణి గోడవైపు తిరిగి నిలబడింది. తెల్లారగానే పుట్టింటికని ఇంకో అబద్ధమాడి, ఆ గాజులవాడు వెళ్ళిన దారి అడుక్కుంటూ సముద్రం దగ్గరికి నడిచింది.

ఒడ్డున ముసలి తాబేలు కూర్చుని ఉంది. "ఆ మాంత్రికుడి కోట ఏడు సముద్రాల అవతల. ఎక్కమ్మా. నీకెన్నేళ్ళు?"

"ఇరవై ఆరు."

తాబేలు మునిగింది. రాణికి నడుం దాకా నీళ్ళొచ్చాయి.

"ఇరవై ఎనిమిది."

నీళ్ళు మోకాలి దాకా దిగాయి. "అబద్ధం మోసే నడుం కాదు తల్లీ నాది. నాకు మూడు వందల పన్నెండు. నాకు లేని సిగ్గు నీకెందుకు?"

"ఇరవై తొమ్మిది," అంది రాణి, నీళ్ళకు మాత్రమే వినబడేలా. తాబేలు కొబ్బరిచిప్పలా తేలింది.

దారిలో తాబేలు చెప్పింది: "నువ్వు తల్లివైంది ఆ మూడేళ్ళలోనే. అవి ఇచ్చేస్తే పిల్లకి అమ్మెలా మిగులుతుంది? వాడి ప్రాణం ఆ చిలక మింగిన ఏళ్ళలో ఉంది. నీకెన్నేళ్ళో, వాటినెందుకిచ్చావో నలుగురిలో చెప్పు. చిలక కక్కేస్తుంది."

ఒకటి, రెండు, మూడు అంటూ ఏడు సముద్రాలూ దాటారు. కోట ముందు పెద్ద వరస ఉంది. చేతుల్లో పగడాలతో రాణులు, మీసాలకు మసి పూసుకున్న సేనాపతులు. ఆ వరసలో రత్నప్రభ! గద్దనెక్కి వచ్చిందట.

"అయ్యో వదినా, నువ్విక్కడ?" అంది పగడాలు కొంగులో దాచుకుంటూ.

"నీ ఏళ్ళు నీకు కావాలంటే నలుగురిలో చెప్పాలి. చెప్తావా?" అని నవ్వాడు గుమ్మంలో చిలకతో నిలబడ్డ మాంత్రికుడు. "నాలుగు వందల ఏళ్ళలో ఒక్కరూ చెప్పలేదు!"

రాణి మొహం కందిపోయింది. ఎవరి ముందైనా చెప్పొచ్చు, ఆ ఆడపడుచు ముందా! అంతలో గది గదీ వెతికిన పిల్ల కళ్ళముందు కదిలింది.

"నాకు ఇరవై తొమ్మిది! నా ఆడపడుచు నవ్వుతుందని నా బిడ్డకి అమ్మ లేకుండా చేశాను!"

ఎవరూ నవ్వలేదు. చిలక మూడు పగడాలు కక్కింది. అంతలో రత్నప్రభ ఏడుస్తూ అరిచింది: "నాకు ముప్ఫై నాలుగు! నువ్వు నాకంటే చిన్నదానివని కుళ్ళు వదినా!" ఒక సేనాపతి "అరవై ఒకటి!" అన్నాడు. ఒకరిని చూసి ఒకరు అరిచారు. చిలక కక్కీ కక్కీ ఖాళీ అయిపోయి హాయిగా ఎగిరిపోయింది. నాలుగు వందల ఏళ్ళూ ఒక్కసారే మీద పడితే మాంత్రికుడు పిడికెడు బూడిదయ్యాడు.

రాణి ఇంటికొచ్చి రాజుకీ అత్తగారికీ ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళేదో అనేలోపే ముత్యాలు వచ్చి, "అమ్మా, ఆకలి," అని నోరు తెరిచింది. ఎక్కడికెళ్ళావని కూడా అడగలేదు. అడిగి, కొట్టి, అలిగినా బాగుండేది. రాణి తలెత్తకుండా ముద్దలు కలిపింది.

వాళ్ళు చాలాకాలం రాజ్యమేలారు. ముత్యాలుకి మంచి రాకుమారుడితో పెళ్ళయింది. రాణి నిక్షేపంగా ముసలిదైంది. అయినా ఆ పిల్ల "అమ్మా" అని పిలిచినప్పుడల్లా, పలికే ముందు ఒక్క క్షణం ఆమె తల వాలిపోయేది.

కథ కోటలో ఉండిపోయింది, మనం అన్నాలకి లేద్దాం.