మూత తీయకముందు

"ఎంత వెదికినా లోపం కనిపించకపోతే, లోపం లేదనే కదా మాస్టారూ అర్థం?" అని మురహరి అడిగాడు.

ఇస్సాకు మాస్టారు చిన్న విమానాల ఇంజన్లు బాగుచేస్తూ ముసలివాడైన మనిషి. వాదించే అలవాటు ఆయనకు లేదు.

ఆయన దగ్గర పని నేర్చుకున్న మెకానిక్ మురహరి ఆ ప్రశ్న జ్ఞానం కోసం అడగలేదు, ఒక పిల్లని వదిలించుకోవడానికి అడిగాడు. వాళ్ళు పనిచేసే విమాన శిక్షణ కేంద్రంలో తహసీన్ అనే అమ్మాయి విమానం నడపడం నేర్చుకుంటోంది. ఒంటరిగా దూరం వెళ్ళే దశకొచ్చింది. వెళ్ళిన ప్రతిసారీ సగం దారిలో ఇంజన్ బలం పడిపోతోందంటూ వెనక్కి వచ్చేసేది. మురహరి పద్ధతి తప్పేవాడు కాదు. విమానం ఆగీ ఆగగానే నిచ్చెన వేసుకుని రెక్క మీది ట్యాంకు మూత తీసి పెట్రోలు కొలిచేవాడు. తర్వాత ప్లగ్గులు, గాలి జల్లెడ, వైర్లు, అన్నీ చూసేవాడు. ఇంజన్ నడిపిస్తే సింహంలా గర్జించేది. పెద్ద శిక్షకుడు కెప్టెన్ అవధాని అదే విమానాన్ని మైదానం చుట్టూ ఒక చుట్టు తిప్పి దిగి, "బంగారంలా ఉంది" అనేవాడు. మిగతా విద్యార్థులూ ఆ విమానంలో తిరిగేది అలాంటి చిన్న చుట్లే. వాళ్ళకి ఏ ఇబ్బందీ రాలేదు.

"భయానికి స్పేర్ పార్టు దొరకదు మాస్టారూ" అని మురహరి నవ్వాడు.

ఒకరి మాట అబద్ధమనడానికి పానా అక్కర్లేదు, చెమట అక్కర్లేదు. అందుకే ఆ పని అందరికీ చేతనవుతుంది. చెప్పేది కొత్తవాళ్ళయితే, అందులోనూ వెనక ఎవరూ లేని ఆడపిల్లయితే, మరీ సుళువు. ఇంకొక్కసారి సగంలో తిరిగొస్తే పేరు కొట్టేస్తానని అవధాని ఆమెకు చెప్పేశాడు.

ఒక ఉదయం ఆమె మళ్ళీ సగంలోనే తిరిగొచ్చింది.

అవధాని షెడ్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మురహరి మామూలుగానే నిచ్చెన ఎత్తుకున్నాడు. మాస్టారు దానికి అడ్డంగా చెయ్యి పెట్టారు.

"ఎక్కడికిరా?"

"పెట్రోలు కొలవాలి కదండీ. మీరు నేర్పిందే."

"ఇవాళ కొలవకు. ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు."

ఇంజన్ ఆపొద్దని, బ్రేకులు పట్టి పూర్తి బలం ఇమ్మని ఆయన తహసీన్‌కి చేత్తో సైగ చేశారు. ఆమె ఇచ్చింది. ఇంజన్ ఒక్కసారి గర్జించింది. కాసేపటికి గొంతు మారింది. దగ్గింది. ప్రొపెల్లర్ ఊగిసలాడి ఆగిపోయింది.

"ఏం చేశావమ్మా?" అని అవధాని కేకేశాడు.

"ఏమీ చెయ్యలేదు సార్. ఎప్పుడూ ఏమీ చెయ్యలేదు" అంది తహసీన్.

"ఇప్పుడు ఎక్కి మూత తియ్యి" అన్నారు మాస్టారు.

మురహరి మూత తిప్పబోతే అది ఎవరో లోపల్నుంచి పట్టుకుని లాగుతున్నట్టు బిగిసింది. రెండు చేతులా తిప్పాడు. మూత వదులైన క్షణాన గాలి బుస్సుమని ట్యాంకులోకి దూసుకుపోయింది. ఎప్పుడూ పక్కన మరో విమానం నడుస్తుండటంతో ఇన్నాళ్ళూ ఆ చప్పుడు అతని చెవిన పడలేదు. మూత పాతబడి బిగిసిందనుకున్నాడు.

మళ్ళీ ఇంజన్ వేయమన్నారు మాస్టారు. అది సింహంలా గర్జించింది. ఎంతసేపైనా తగ్గలేదు.

పెట్రోలు తగ్గినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకు రెక్క కింద ఒక సన్న గొట్టం ఉంటుంది. దాని నోరు శుభ్రంగానే ఉంది. మాస్టారు తీగ దూరిస్తే లోపలి వంపులోంచి ఎండిన మట్టి రాలింది. కందిరీగ గూడు కట్టుకుంది. గాలి అందని ట్యాంకు పెట్రోలుని కిందికి వదలక పట్టుకుంటోంది. చిన్న చుట్టులో అంత పట్టు బిగియదు, దూరం వెళ్తే బిగుస్తుంది. మురహరి మూత తీసినప్పుడల్లా ఆ పట్టు వదిలిపోయేది, రోగం మాయమయ్యేది.

అవధాని మట్టి వైపు చూశాడు, తర్వాత తహసీన్ వైపు. "రేపు వేరే విమానంలో వెళ్ళు. పేరు ఉంటుంది" అన్నాడు. షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

మురహరి నిచ్చెన దిగి చేతులు తుడుచుకున్నాడు. "మొత్తానికి లోపం దొరికింది మాస్టారూ" అన్నాడు.

"గొట్టంలోది దొరికింది" అన్నారు మాస్టారు.