ఒదీలమ్మ కత్తిరించిన గౌను

ఆ కాలు తియ్యవే వరాలూ, నా నడుం విరిగిపోతోంది. చిట్టీ, నువ్వు గోడవైపు జరుగు. ఊఁ, ఇక వినండి. మధ్యలో లేచి రాక్షసుడేడని అడక్కండి. ఈ కథలో రాక్షసుడు లేడు. ఉంటే బావుణ్ణు, ఎవరో ఒకరు చంపేసేవారు.

అనగనగా ఒక ఊరు. మన గోదారి దాటితే వచ్చే ఊరు కాదు, సముద్రాలన్నీ దాటితే వచ్చే చలిదేశం ఊరు. మా అమ్మకి లేసు అల్లిక నేర్పిన దొరసాని చెప్పిందిట, మా అమ్మ నాకు చెప్పింది. ఐదారొందల ఏళ్ళ కిందటి మాట. అక్కడ కిటికీకి గాజుపలక గొప్పోళ్ళకే ఉండేది. మిగతావాళ్ళు నూనె పట్టించిన గుడ్డ బిగించుకునేవారు. ఇక గొప్పింటి ఆడవాళ్ళ వేషం చెప్తే నవ్వుతారు. నుదురు పెద్దగా కనపడాలని ముందుజుట్టు గొరిగించుకునేవారు, కనుబొమలు పీకించుకునేవారు. నెత్తిన బూరలాగా కొసదేలిన మూరెడు టోపీ, ఆ కొస నుంచి జారే పల్చటి మేలిముసుగు. గుమ్మం వచ్చిందంటే వంగాల్సిందే. మగాళ్ళ చెప్పులకేమో ముందు ముక్కు జానెడు. మెట్లెక్కాలంటే పక్కకి తిరిగి ఎక్కేవారుట, ఎండ్రకాయల్లాగా.

నవ్వారా? నవ్వండి. ఈ కథలో నవ్వేది ఇంతవరకే.

ఆ ఊళ్ళో ఒదీలియా అని ఒక కుట్టుపనావిడ. మనం ఒదీలమ్మ అందాం. మొగుడు పోయాడు, కొడుకూ జ్వరమొచ్చి పోయాడు. మిగిలింది కోడలు గ్రియేట, ఇద్దరు మనవరాళ్ళు. అత్తాకోడళ్ళిద్దరూ వీధి కిటికీ దగ్గర బల్ల వేసుకుని, వెలుతురున్నంతసేపూ కుట్టేవారు. రాజుగారింటి బట్టలన్నీ ఒదీలమ్మే కుట్టాలి. ఆవిడ చేతి కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలిసేది కాదు.

రాజుకి కొడుకు కావాలి. అలీసు అని పదహారేళ్ళ పిల్లని పెళ్ళికి కుదిర్చారు. ఒదీలమ్మ ఏడాది కూర్చుని గౌను కుట్టింది. ఎర్ర ముఖమల్ మీద బంగారు జరీతో దానిమ్మకాయలు, నేల ఊడ్చే చేతులు, వెనక నాలుగు బారల తోక. చలి ఆగాలని లోపలంతా ఉడుత బొచ్చు. నాలుగొందల ఉడుతలుట, పాపం! ఆ గౌను ఎత్తాలంటే ఇద్దరు ఆడవాళ్ళు పట్టాలి. గుండుసూదులు పెడుతుంటే అలీసుకి చక్కిలిగింతలు. ఒకటే నవ్వు. కదిలితే గుచ్చుకుంటుంది తల్లీ అంటే ఇంకా నవ్వు.

పెళ్ళయింది. ఆర్నెల్లకి కడుపు. నడుం దగ్గర మడత పెట్టి దాచిన గుడ్డ విప్పి ఒదీలమ్మ గౌను వదులు చేసింది. నెలలు నిండాయి. మూడు రోజులు నొప్పులు పడి, తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. కోవెల గంట రోజంతా మోగుతూనే ఉంది.

పెళ్ళికి తొడిగింది, కడుపుకి వదిలింది, చచ్చాక మడిచింది. మడిచి భోషాణంలో పెట్టింది.

ఊ కొడుతున్నారా? వరాలూ, నువ్వు కొట్టడం లేదు.

ఏడాది తిరక్కుండా రాజు మళ్ళీ కబురు పెట్టాడు. క్లారిసు అని కొత్త పెళ్ళికూతురొస్తోంది, ఆ గౌనే సరిచేసి తొడగమన్నాడు. అలాంటి గుడ్డ మళ్ళీ దొరకదుట. ఎవరిదని అడిగితే మాత్రం నోరెత్తొద్దన్నాడు.  ఒదీలమ్మ ఏం చేస్తుంది? భోషాణం తెరిచింది. క్లారిసు పొడుగు పిల్ల. అంచుకి పట్టీ వేసింది. రంగు కలవకపోతే దానిమీద బొచ్చు కప్పింది.

"అవ్వా, ఇది నాకోసమే కుట్టావా?" అని ఆ పిల్ల మురిసిపోతూ అడిగింది.

"మీకోసమే తల్లీ," అంది ఒదీలమ్మ.

క్లారిసుకి మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. రెండో కాన్పులో తనే దక్కలేదు. మళ్ళీ గంట. పెళ్ళికి తొడిగింది, కడుపుకి వదిలింది, చచ్చాక మడిచింది. 'మీకోసమే తల్లీ' అన్న ఆ ఒక్క మాట మాత్రం ఒదీలమ్మ గొంతులో ముల్లులా ఉండిపోయింది. అన్నం దిగేది కాదు. అన్నమంటే అక్కడ రొట్టెలే లెండి.

మూడో ఆమె ఇసబో. పదిహేనేళ్ళు. పుల్లలాంటి పిల్ల. గౌను ఆ పిల్ల ఒంటిమీద గోనెసంచిలా వేలాడుతోంది. ఒదీలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని సూదులు పెడుతోంది. ఆ పిల్ల ఊరికే ఉండక నడుం దగ్గర గుడ్డ వెలుతురుకి పట్టి చూసింది. ముఖమల్‌కి ఒకసారి సూది దిగితే ఆ చిల్లు పూడదు. అక్కడ వరసగా చిల్లులు. ఒక వరస, దాని పక్కన ఇంకో వరస, ఇంకో వరస.

"ఈ చిల్లులేంటవ్వా?"

ఒదీలమ్మ తలెత్తి చూసింది. కనుబొమల్లేని ఆ బోసి మొహం చూస్తే ఇక అబద్ధం రాలేదు. మొత్తం చెప్పేసింది. ఇది అలీసుది. ఇది అలీసుకి కడుపొచ్చినప్పుడు విప్పింది. ఇది క్లారిసుది. ఇద్దరూ పోయారు తల్లీ, అంది. చెప్తే ఈ పిల్ల పారిపోతుంది, పుట్టింటికి కబురు పెట్టుకుంటుంది, ఏదో ఒకటి చేసుకుంటుంది అనుకుంది పాపం.

ఇసబో చేతిలో గుడ్డ వదిలేసింది. తరవాత చిన్నగా అంది:

"నాకెందుకు చెప్పావవ్వా? మా నాన్న నన్ను వెనక్కి రానివ్వడు. నేనెక్కడికి పోతాను? చెప్పకపోతే పెళ్ళిరోజు దాకా అయినా సంతోషంగా ఉండేదాన్ని."

ఒదీలమ్మ ఇంటికొచ్చింది. గౌను బల్లమీద పరిచింది. మధ్యాహ్నం ఎండ, వీధిలో జనం. పెద్ద కత్తెర తీసుకుంది. గౌను లేకపోతే పెళ్ళి ఆగుతుంది. ఇంకోటి కుట్టాలంటే ఏడాది పడుతుంది. ఏడాదిలో రాజే పోవచ్చు, ఏమైనా జరగొచ్చు. అదీ ఆవిడ ఆశ. గ్రియేట పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, నీకు దణ్ణం పెడతాను. నా పిల్లల గతేం కాను?"

ఒదీలమ్మ విడిపించుకుని కత్తిరించింది. దానిమ్మకాయలు కత్తిరించింది, చేతులు కత్తిరించింది, తోక కత్తిరించింది. మళ్ళీ అతకడానికి లేకుండా ముక్కముక్కలు చేసింది. ఉడుత బొచ్చు గదంతా ఎగిరింది.

రాజు అరవలేదు, కత్తి దూయలేదు. నెమ్మదిగా గ్రియేటని పిలిపించాడు. పది రోజుల్లో ఏదో ఒక గౌను కుట్టిస్తావా, లేక పిల్లల్తో సహా ఊరొదిలి పోతావా అన్నాడు. అంతే. గ్రియేట పది రోజుల్లో కుట్టింది. నీలం పట్టుతో, మామూలు గౌను. అనుకున్న రోజునే పెళ్ళి జరిగింది. గౌను మారిందని ఎవరూ అడగను కూడా లేదు.

ఏడుస్తున్నావేంటే చిట్టీ? ముక్కు తుడుచుకో. నా చీర మీద కాదు.

ఒదీలమ్మని ఊళ్ళోంచి గెంటేశారు. మళ్ళీ కత్తెర పడితే చెయ్యి నరుకుతామన్నారు. గ్రియేట ఊరి కోట తలుపు దాకా వచ్చి రొట్టె మూట చేతిలో పెట్టింది. మొహం మాత్రం చూడలేదు.

"నీ తప్పు లేదే," అంది ఒదీలమ్మ.

"మరెవరిదత్తయ్యా?"

 ఒదీలమ్మ మూట చంకన పెట్టుకుని నడుచుకుంటూ పోయింది.

రెండు రోజుల దూరంలో ఏటి ఒడ్డున పిండిమర ఉన్న పల్లె ఒకటి ఉంది. అక్కడ గోతాలు కుట్టుకుంటూ బతికింది. జరీ కుట్టిన చేతులతో గోతాలు! కత్తెర లేదుగా, దారం పళ్ళతో కొరికేది. పల్లెవాళ్ళతో మాట్లాడేది కాదు. ఇసబోకి చెప్పకుండా ఉండాల్సింది అని ఒక పూట, ముందే క్లారిసుకి కూడా చెప్పి ఉండాల్సింది అని ఒక పూట, తనలో తనే కొట్టుకునేది.

ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు పొద్దున్నే దారమ్మట ఎవరో వస్తున్నారు. ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలు. గ్రియేట. మోకాళ్ళ దాకా బురద. వచ్చి ఒదీలమ్మ ఎదురుగా నేలమీద కూలబడింది.

"ఇసబో పోయిందత్తయ్యా. ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బతికే ఉంది, దాదికిచ్చారు. మూడో రోజు తల్లి పోయింది."

ఒదీలమ్మ చేతిలో సూది ఆగింది.

"నొప్పుల్లో నీకోసం అడిగింది. ఆ అవ్వని పిలవండి, నాతో నిజం మాట్లాడింది ఆవిడొక్కతే అంది. అలాంటి మనిషెవరూ ఈ ఊళ్ళో లేరని చెప్పారు. నన్ను రానిస్తే నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. నీ చెయ్యే అనుకుందత్తయ్యా. చివరిదాకా అవ్వా అనే పిలిచింది."

అప్పుడేడ్చింది ఒదీలమ్మ. మొగుడు పోయినప్పుడు, కొడుకు పోయినప్పుడు రాని ఏడుపంతా వచ్చింది. పిండిమర దగ్గర జనం పని ఆపి చూశారు.

వారం తిరక్కుండా రాజు నీలం గౌను గ్రియేట ఇంటికి పంపాడుట, నాలుగో పెళ్ళికూతురి కొలతలతో సహా. అది బల్లమీద అలాగే వదిలేసి, పిల్లల చేతులు పట్టుకుని బయల్దేరి వచ్చేసింది. రాజుకేం లోటు? ఇంకెవరో కుట్టారు. నాలుగో పెళ్ళీ అయింది.

ఒదీలమ్మ పక్కకి జరిగి బల్లమీద కోడలికి చోటిచ్చింది. ఇంకో సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. పిల్లలిద్దరికీ ఉన్న ఒక్క రొట్టె పెట్టింది.  అత్తాకోడళ్ళిద్దరూ గోతాలు కుట్టుకుంటూ కూర్చున్నారు. అలాగే బతికారు, పిల్లలు అలాగే పెద్దవాళ్ళయ్యారు.

అందరూ సుఖంగా ఉన్నారా అంటే లేరమ్మా. నేనేం చెప్పను? ఎవరికైనా కష్టమైన నిజం చెప్పాల్సొస్తే చెప్పండి. చెప్పేసి లేచి వెళ్ళిపోకండి. వాళ్ళ పక్కనే కాసేపు కూర్చోండి. నాకు తెలిసింది అంతే.

కథ కంచి దారి పట్టింది. మనం ఇంట్లోనే ఉన్నాం. ఇలా దగ్గరికి రండి ఇద్దరూ, దుప్పటి కప్పుతాను.