కొత్తచోట మొదట అడిగేది

ఓడ బయలుదేరడానికి మూడు రోజులుందనగా, ధమ్మిల అనే యువభిక్షువు తాను వెళ్ళడం లేదని గురువుతో చెప్పడానికి వచ్చాడు.

గురువు పద్మనాగ స్థవిరుడు వసారాలో కూర్చుని గుడ్డసంచీకి పట్టీ కుడుతున్నాడు. ప్రయాణంలో భిక్షాపాత్రను భుజానికి తగిలించుకునే సంచీ అది. చూపు ఆనక సూదిని ముక్కు దాకా తెచ్చుకుని మరీ కుడుతున్నాడు.

"భంతే, నేను వచ్చే ఏడు వెళ్తాను," అన్నాడు ధమ్మిల.

"ఊఁ."

"ఇంకో ఏడాది చదివితే వాళ్ళ భాష తప్పుల్లేకుండా వస్తుంది."

"ఊఁ," అని స్థవిరుడు దారం కొరికాడు.

ఆ కొండమీది విహారంలో ఒక వైద్యగ్రంథం ఉండేది. సగం చెదలు తినేశాయి. కంటి జబ్బుల భాగం మొదలైన రెండో ఆకుకే మిగిలిన పుస్తకం అయిపోతుంది. సముద్రం అవతల ఒక దీవిలో ఆ గ్రంథమంతా నోటికి వచ్చిన ఆచార్యుడు ఒకాయన ఉన్నాడు. ఒక శిష్యుణ్ణి పంపితే నేర్పుతానని కబురు పెట్టాడు. ఆయనకు ఎనభై రెండేళ్ళు. ఆ దీవి ఓడ ఇటు వచ్చేది ఏడాదికి ఒక్కసారే.

విహారంలో మందుల గది చూసేది ధమ్మిలే. కళ్ళు మసకబారినవాళ్ళు కర్ర పట్టుకుని కొండెక్కి వచ్చి గుమ్మం ముందు కూర్చుంటారు. తనకు తెలిసిన సగం వైద్యం వాళ్ళకు చేసి, మిగతా సగానికి తల వంచుకునేదీ అతనే. వెళ్ళి నేర్చుకొస్తానని ముందు చెయ్యెత్తింది కూడా అతనే.

రెండేళ్ళపాటు అతను ఆ దీవి భాష చదివాడు. ఎప్పుడో ఒక వర్తకుడు ఇచ్చిపోయిన తాటాకు పుస్తకం అతనికి ఆధారం. దాన్నిబట్టి తనను పరిచయం చేసుకునే పద్యాలు నలభై అల్లాడు. తనది ఏ విహారం, తన గురువు ఎవరు, ఆయన గురువు ఎవరు, తాను ఏయే శాస్త్రాలు చదివాడు, అంతా అందులో ఉంది. నిన్న రేవుకు దిగి, ఓడ నావికుల ముందు నిలబడి మొదటి పద్యం చదివాడు. వాళ్ళు నవ్వారు. రెండో పద్యం సగంలో ఉండగా ఓడ వంటవాడు గరిటె కింద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వాడు. మిగతా ముప్పై ఎనిమిదీ మింగేసి ధమ్మిల కొండెక్కి వచ్చేశాడు.

"నన్ను చూసి నవ్వితే ఫరవాలేదు భంతే. మిమ్మల్ని చూసి నవ్వినట్టే కదా అది!"

"నన్నా? నన్ను వాళ్ళింకా చూడనేలేదే," అన్నాడు స్థవిరుడు.

"అక్కడ పాఠం మధ్యలో సందేహం వస్తే అడగాలి. అడగాలంటే నోరు తెరవాలి. తెరిస్తే ఏమవుతుందో నిన్న చూశాను. వెళ్ళను."

"సరే. సంచీ మాత్రం పూర్తి చేస్తాను. పని మధ్యలో వదిలేస్తే నాకు అన్నం సయించదు."

మర్నాడు పొద్దున స్థవిరుడు గొడుగు పట్టుకుని మందుల గది ముందుకు వచ్చాడు.

"పాత్ర తీసుకో. ఈ పూట భిక్షకు రేవుకు పోదాం."

ధమ్మిల ముఖం చిన్నబోయింది. "ఊళ్ళోకి పోదాం భంతే."

"ఊరు ఎక్కడికీ పోదు. ఓడే పోతుంది."

ఇద్దరూ కొండ దిగుతున్నారు. కొంతదూరం పోయాక స్థవిరుడు అడిగాడు. "వాళ్ళ భాషలో మంచినీళ్ళను ఏమంటారు?"

ధమ్మిల చెప్పాడు.

"'ఎక్కడ' అనడానికి?"

అదీ చెప్పాడు. స్థవిరుడు రెండు మాటలూ కలిపి అన్నాడు.

"అలా కాదు భంతే. చివర అంత గట్టిగా నొక్కకూడదు."

స్థవిరుడు మళ్ళీ అన్నాడు. మలుపు దగ్గర మొదటి మాట మరిచిపోయాడు. ధమ్మిల అందించాడు. వాగు దాటుతుంటే రెండోది మరిచిపోయాడు. అదీ అందించాడు.

"నువ్వు గురువుగా బాగానే ఉన్నావు. శిష్యుడే మొద్దు," అన్నాడు స్థవిరుడు.

రేవులో తాటాకు పందిరి కింద పదిమంది నావికులు తెరచాప పరుచుకుని చిరుగులు కుడుతున్నారు. ఓ పక్కన వంటవాడు పొయ్యి ముందున్నాడు. పందిరి అంచున పోలి అనే బెస్త మనిషి ఎండుచేపలు పరుచుకుని కూర్చుంది.

స్థవిరుడు పందిరి బయటే ఆగాడు. గొడుగు మూశాడు. చెప్పులు విప్పి, దులిపి చేతిలో పట్టుకున్నాడు. తలమీది వస్త్రాన్ని భుజం మీదికి దించాడు.

అది చూసి ధమ్మిల తడబడ్డాడు. భిక్షువు పరాయి విహారానికి వెళ్ళినప్పుడు చెయ్యవలసిన మర్యాద అది. గొడుగు మూసి, చెప్పులు చేతబట్టి, చూపించిన చోట కూర్చుని, తాగే నీళ్ళు ఏవో, మరుగుకు ఎటు వెళ్ళాలో అడగాలి. తక్కిన మాటలన్నీ ఆ తరవాతే. విహారంలో చేరిన మొదటి వారంలోనే ప్రతివాడికీ ఈ నియమం కంఠస్థం చేయిస్తారు. ధమ్మిలకు అది తిరగేసి చెప్పమన్నా వచ్చు. అయితే తొమ్మిదో ఏట ఆ కొండెక్కినవాడు మరో విహారం గడప తొక్కలేదు. ఆ నియమంతో అతనికి ఎన్నడూ పనిపడలేదు.

"ఇది విహారం కాదు కదా భంతే," అన్నాడు మెల్లిగా.

"మనం కొత్తవాళ్ళం అవునా కాదా?"

స్థవిరుడు నావికుల వైపు తిరిగి, దారిలో నేర్చుకున్న రెండు మాటలూ అన్నాడు. చివర గట్టిగా నొక్కాడు.

నావికులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పందిరంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. వంటవాడు ఈసారి కూడా గరిటె కింద పెట్టాడు.

ధమ్మిల తల వంచుకున్నాడు. వాదంలో ఆ స్థవిరుడి ఎదుట నిలబడలేక ముగ్గురు పండితులు గంట తిరక్కుండానే లేచి వెళ్ళిపోవడం అతను కళ్ళారా చూశాడు. ఆ మనిషిని చూసి ఇప్పుడు చేపల వాసనలో కూర్చున్నవాళ్ళు నవ్వుతున్నారు.

స్థవిరుడు కదల్లేదు. వాన వెలిసేదాకా చూరు కింద నిలబడినవాడిలా, నవ్వు వెలిసేదాకా నిలబడ్డాడు. అప్పుడు ఆ రెండు మాటలే మళ్ళీ అన్నాడు.

కుర్రకారులో ఒకడు లేచి, మాట ఎలా పలకాలో పలికి చూపించాడు. స్థవిరుడు వాడి వెంటనే అన్నాడు. వాడు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అన్నాడు. మూడోసారికి వాడు, "అదీ!" అన్నట్టు తొడమీద చరిచి, ముసలాయన చెయ్యి పట్టుకుని నీళ్ళ కుండ దగ్గరికి నడిపించుకుపోయాడు.

స్థవిరుడు తృప్తిగా నీళ్ళు తాగి వచ్చాడు.

"రెండోది?" అన్నాడు ధమ్మిలతో. "మరుగుకు ఎటు వెళ్ళాలి అనడానికి ఏమంటారు?"

ధమ్మిల నోరు తెరిచాడు. నలభై పద్యాలూ మనసులో తిరగేశాడు. గురుపరంపర అన్న మాట ఉంది. శాస్త్రసముద్రం అన్న మాట ఉంది.

"తెలీదు భంతే."

పోలి పకపకా నవ్వింది. "ఏటి బాబూ! రెండేళ్ళు సదివావని సెప్పుకున్నారే! మనిసికి పొద్దున్నే కావలసిన మాట అదే గదేటి?"

"నీకు తెలుసా తల్లీ?" అన్నాడు స్థవిరుడు.

"తెలీకేం?" అంటూ ఆమె చేప విదిలించి, ఆ మాట పందిరి చివరిదాకా వినిపించేలా చెప్పింది. ఆమె పలికింది కూడా తప్పేనేమో, నావికులు మళ్ళీ నవ్వారు. "నవ్వండి, నవ్వండి. మీరు నా భాష మాటాడితే నేనూ నవ్వుతాను!" అని ఆమె తనూ నవ్వింది.

స్థవిరుడు ఆ మాట రెండుసార్లు అని చూసుకుని, వంటవాడి ముందు నిలబడి అడిగాడు. వంటవాడు కళ్ళు తుడుచుకుంటూ మొగలి పొదల వైపు చెయ్యి చూపించాడు. స్థవిరుడు నిజంగానే అటు వెళ్ళాడు.

ధమ్మిల ఒక్కడే మిగిలాడు.

వంటవాడు అతన్ని ఎగాదిగా చూసి ఏదో అడిగాడు. నువ్వెవరివి అనో, ఎందుకొచ్చావు అనో అయి ఉంటుంది. మొదటి పద్యం ధమ్మిల గొంతుదాకా వచ్చింది. దాన్ని ఆపుకున్నాడు.

"నేను. ఓడ. మీతో," అన్నాడు.

నవ్వారు. ధమ్మిల చెవులు వేడెక్కాయి. పారిపోవాలనిపించింది. కాళ్ళకింద ఇసుక చూస్తూ నిలబడ్డాడు. ఎంత పెద్ద నవ్వయినా ఎంతసేపని ఉంటుంది? కాసేపటికి ఆగింది. అతను తలెత్తి, ఆ మూడు మాటలే మళ్ళీ అన్నాడు.

ఈసారి వంటవాడు నవ్వలేదు. ఆ ముక్కలు కలిపి ఎలా చెప్పాలో చెప్పాడు. ధమ్మిల అతని నోటివైపు చూస్తూ అన్నాడు. తప్పింది. మళ్ళీ అన్నాడు. వంటవాడు పక్కనున్న మోకుల చుట్టను కాలితో జరిపి, కూర్చోమన్నట్టు ఇసుక మీద తట్టాడు.

ధమ్మిల కూర్చున్నాడు.

పొయ్యి చూపించి ఏమంటారని సైగ చేశాడు. వంటవాడు చెప్పాడు. ఉప్పు. మోకు. వాన. ఓడలో వాంతి వస్తే ఎటువైపు నిలబడాలో ఒకడు అభినయించి చూపించాడు. అల్లం ముక్క దవడన పెట్టుకోవాలని ఇంకొకడు తన బుగ్గ ఉబ్బించి చూపించాడు. అర్థం కానప్పుడు ఏమనాలో ఆ కుర్ర నావికుడు చెప్పాడు. ఆ మాట చిన్నది. ధమ్మిల దాన్ని పదిసార్లు అన్నాడు. ఆ పుస్తకంలో ఈ మాట ఎందుకు లేదో అతనికి అంతు పట్టలేదు. వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. రెండు మూడుసార్లు అతనూ నవ్వాడు.

ఎప్పటికో తల తిప్పి చూస్తే, మొగలి పొదల దగ్గర ఎవరూ లేరు.

"మా గురువుగారేరీ?" అన్నాడు పోలితో.

"ఎప్పుడో ఎల్లిపోయారు. మా పక్కింటామె అటుకులేస్తే పాత్రలో పట్టుకుని, అదుగో, కొండెక్కేస్తన్నారు."

కాలిబాట మీద, సగం ఎత్తున, గొడుగు ఒకటి మెల్లిగా పైకి పోతోంది.

"నాకేమైనా చెప్పమన్నారా?"

"సెప్పమన్నారు. పొద్దు నడినెత్తికి రాకముందే తినమన్నారు. మాటల్లో పడి మరిసిపోతే రేపటిదాకా పస్తేనంట."

భిక్షువులు మధ్యాహ్నం దాటాక తినరు. అది పోలికీ తెలుసు.

"అంతేనా?"

"అంతే బాబూ. ఇంకేటి సెప్పాల?"

ధమ్మిల లేచి పాత్ర మూత తీసి పట్టుకున్నాడు. వంటవాడు గరిటెతో గంజి ఎత్తి, పోయబోతూ ఆగి, ఏదో అడిగాడు. ధమ్మిలకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు వాళ్ళ భాషలో.

వంటవాడు మళ్ళీ చెప్పాడు, ఈసారి నెమ్మదిగా.