గగ్గోలమ్మ, రెండు చెలమలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఏరు. ఏట్లో నీళ్లు తప్ప అన్నీ ఉండేవి! అందుకే జంతువులు ఇసుక తోడి, చెలమల్లో ఊరిన నీళ్లు తాగేవి. ఎగువన ఒక చెలమ, దిగువన ఒక చెలమ. రెంటికీ నడుమ గట్టు మీద నక్క పోగేసిన చెత్తకుప్ప. ఊళ్లోంచి ఈడ్చుకొచ్చిన ఎంగిలంతా అక్కడే కుళ్లేది. దాని మీద నక్క మహారాజులా పడుకునేది.

దిగువ చెలమ దగ్గర ఒక తీతువుపిట్ట ఉండేది. దాని అరుపు విని అందరూ "గగ్గోలమ్మ" అనేవాళ్లు.

వేసవిలో నీళ్లు ఉప్పగా తగిలాయి. "విషం! విషం!" అని అరిచింది తీతువు. అడవంతా పరుగో పరుగు. తొలకరికి ఉప్పు విరిగింది. వానల్లో నీళ్లు ఎర్రబడ్డాయి. "విషం! విషం!" మళ్లీ పరుగు. బురద అడుగుకు దిగి నీళ్లు తేటపడ్డాయి.

కుందేలు కాళ్లు పిసుక్కుంటూ, "తల్లీ గగ్గోలమ్మా! మా ఎగువ చెలమా వేసవిలో ఉప్పనే, వానల్లో ఎర్రనే. మేమేమన్నా అరిచామా? ఈసారి ముందే చెప్పు, చెప్పులు కుట్టించుకుంటాను" అంది.

చలికాలం వచ్చింది. తీతువు గుడ్లు పిల్లలయ్యాయి. అప్పుడే దిగువ నీళ్లు చేదెక్కాయి. అవి తాగి చిన్నపిల్ల మెడ వాల్చేసింది. తీతువుకు కేక గొంతుదాకా వచ్చింది. కానీ కుందేలు మాట గుర్తొచ్చి మింగేసింది. ఎగిరి వెళ్లి ఎగువ నీళ్లు రుచి చూసింది. తియ్యగా ఉన్నాయి! రొమ్ము ఈకలు తడుపుకొచ్చి పిల్లలకు పట్టింది. మర్నాడూ చూసింది, ఆ మర్నాడూ చూసింది. పైన తీపే, కింద చేదే.

అప్పుడు అరిచింది చూడండి!

ఎవరూ కదల్లేదు. ఎలుగుబంటి తాత ఒక్కడే సణుక్కుంటూ వచ్చాడు. వెనకే కుందేలు, నవ్వడానికి. పైన తీపి, కింద చేదు అని తీతువు చెప్పింది.

"నీళ్లన్నాక మారవా తాతా? ఎండకో రుచి, వానకో రంగు!" అంది కుప్ప మీంచి నక్క.

"మారతాయి నక్కబావా," అంది తీతువు. "కాలం మారిస్తే రెండు చెలమలూ మారాలిగా? నీ కుప్పకు దిగువనున్నది ఒక్కటే ఎందుకు మారింది? ఏదీ, ఓ గుక్క తాగు!"

"నాకు... దాహం లేదు."

కుందేలు కిసుక్కున నవ్వింది. "రోజూ మా చెలమకొచ్చి తాగిపోతే దాహమెక్కడిది బావా!"

ఎలుగు తాత రెండు చెలమలూ రుచి చూశాడు. దిగువ నీళ్లు తుపుక్కున ఉమ్మేశాడు. "ఎత్తరా కుప్ప!" అని గర్జించాడు.

నక్క ముందు, అడవంతా వెనక. ఆఖరి ఎంగిలాకు దాకా ఏటికి దూరంగా మోయించారు. మళ్లీ వానలు కురిసి చేదును కడిగేశాయి. అప్పటికి రెక్కలొచ్చిన చిన్నపిల్ల దిగువ చెలమలో మునిగి, అందరి మీదా నీళ్లు చిమ్మింది!

ఇప్పటికీ గగ్గోలమ్మ అరిస్తే అడవంతా పరుగే. పారిపోవడానికి కాదు, రెండు చెలమలూ రుచి చూడ్డానికి. అందరికంటే ముందు కుందేలు, చెప్పుల్లేకుండానే!

నీతి: మారిన ప్రతిదీ ముప్పు కాదు, అలాగని ప్రతి ముప్పూ మామూలు మార్పూ కాదు. పక్కదానితో పోల్చి చూడు, ఆపైన గొంతెత్తు.