తుక్కు అని రాయించిన సరుకు

ఏరు సముద్రంలో కలిసే చోట జంతువుల రేవు ఒకటి ఉండేది. అవతలి ఒడ్డు నుంచి ఏ సరుకు వచ్చినా మొసళ్లు అక్కడే దించాలి. అది ఏమిటో ఉడుము సరుకుల పేర్లు, సుంకాలు రాసిపెట్టుకున్న తన అట్టల్లో వెతికి, ఫలానా అని రాసి, సుంకం కట్టించుకుంటేనే గేటు తెరుస్తారు. ఉడుము లంచం తినేది కాదు. అలాగని జాలి పడేదీ కాదు. పట్టు పట్టిందంటే అంతే.

ఒక ఎండాకాలం ఏనుగు భద్రమ్మ ఆ రేవుకి వచ్చింది. మందకి పెద్ద తనే. వానలు లేని ఏడాది అడవిలో నీళ్లు దాక్కునే చోట్లు పదకొండు ఉన్నాయని వాళ్లమ్మ తనని నడిపించి చూపించింది. ఆ తర్వాత ఏటా వానలు బాగా పడ్డాయి కాబట్టి, తను కూతురికి చూపించలేదు. తీరా ఇప్పుడు ఒక్కొక్క చోటే జారిపోతోంది. జారిపోయిందని తెలుస్తోంది, ఏది జారిపోయిందో తెలియడం లేదు. కూతురు సోమికి పొద్దున కొండకి ఎడమవైపు అని చెబుతుంది, సాయంత్రం కుడివైపు అంటుంది.

అడవి చివర పాడుబడ్డ బంగళాలో ఒక కంప్యూటర్ ఉంది. చెప్పింది చెప్పినట్టు దాచుకుని, అడిగితే తిరిగి చెబుతుంది. కానీ దాని మెమరీ ఎలకలు కొరికేశాయి. అందుకని, గుర్తున్న చోట్లయినా దానికి చెప్పి దాచుకోవాలని, భద్రమ్మ చలికాలమంతా మొసళ్లకి దుంగలు లాగి, ఆ కష్టానికి బదులుగా కొత్త మెమరీ తెప్పించుకుంది. పెట్టె నిండా జానెడేసి ఆకుపచ్చ పలకలు. ఒక్కో పలక మీద నల్లటి బిళ్లలు, అంచు పొడుగునా సన్నటి బంగారు పళ్లు.

ఉడుము ఒక పలక తీసి అటూ ఇటూ తిప్పింది.

"బిళ్లలు విడిగా వస్తే ఒక అట్ట. యంత్రంలో భాగమైతే ఇంకో అట్ట. ఇవి బిళ్లలా, భాగమా?"

"గుర్తుపెట్టుకునేవి బాబూ," అంది భద్రమ్మ.

"అవి చేసే పని కాదమ్మా నేనడిగేది, అవి ఏమిటని. నమూనా మా పై అధికారి గుడ్లగూబగారికి పంపాలి. పదిరోజులు. సరుకు ఇక్కడ పెట్టి వెళ్లు, భద్రంగా ఉంటుంది. పదకొండో రోజు వచ్చి పట్టుకెళ్లు."

మంద దగ్గరున్న మడుగులో నాలుగురోజుల నీళ్లే ఉన్నాయి. దానికంటే పెద్ద భయం ఇంకొకటుంది, భద్రమ్మ అది పైకి అనలేకపోయింది. పదకొండో రోజుకి ఈ రేవుకి దారే గుర్తు లేకపోతే?

గేటు పక్కన నీడలో కూర్చుని, వచ్చిపోయేవాళ్లకి కాగితాలు రాసిపెట్టే నక్క చిదంబరం ఆవిడ మొహం చూసింది. తోక దులుపుకుని లేచొచ్చింది.

"పెద్దమ్మా, ఇంత దానికి దిగులెందుకు? తుక్కు అని రాయించెయ్. తుక్కుకి సుంకం లేదు, నమూనా లేదు. ఇవాళే బయటపడతావు."

"కొత్తవి కదయ్యా, తుక్కెలా అవుతాయి?"

"నీకు కొత్తవి. ఆ ఉడుముకి తెలుసా? అది అట్టలు చూస్తుంది గానీ సరుకు చూస్తుందా?"

"మరి నీకేమివ్వాలి?"

"నీ దగ్గర తీసుకుంటానా! గేటు దగ్గర ఏవైనా ముక్కలు రాలితే ఏరుకుంటాను. అంతే."

భద్రమ్మ కాసేపు తటపటాయించింది. ఆ కాసేపట్లోనే ఎక్కడో లోపల ఇంకో చోటు మసకబారినట్టనిపించింది. నక్క రాసిచ్చిన కాగితం మీద పాదం ముద్ర వేసేసింది.

ఉడుము కాగితం రెండుసార్లు చదివింది.

"తుక్కా?"

"తుక్కే బాబూ."

"సరే. సుంకం లేదు. కానివ్వు మరి."

"ఏం కానివ్వను?"

"తుక్కు పేరు చెప్పి మంచి సరుకు దాటించేవాళ్లని చాలామందిని చూశాను. అందుకే తుక్కుని నా కళ్లముందు నుజ్జు చేశాకే గేటు దాటనిస్తాను. చేయాల్సింది సరుకుగలవాళ్లే. నీ కాలుండగా వేరే రోకలెందుకు?"

భద్రమ్మ నక్క వైపు చూసింది. నక్క ఏటివైపు చూస్తోంది.

"తప్పైపోయింది. మార్చి రాయి నాయనా. పదిరోజులూ ఆగుతాను."

"మారిస్తే మొదట అబద్ధం చెప్పానని ఒప్పుకున్నట్టు. సరుకు జప్తు. గుడ్లగూబగారు వచ్చి విచారించేదాకా నువ్వు బందెలదొడ్లో ఉండాలి. ఆయన తొలకరికి గానీ రారు." ఉడుము గొంతు కొంచెం తగ్గించింది. "ఇక్కడ పెట్టి వెళ్లమన్నానుగా, తల్లీ."

తొలకరిదాకా మంద ఉండదు. భద్రమ్మ పెట్టెని తొండంతో నేల మీద బోర్లించింది. కాలు ఎత్తింది, దించలేక అలాగే కాసేపు నిలబడింది. తర్వాత దించింది. ఎండుటాకుల మీద నడిచినట్టు చప్పుడైంది. ఇంకా ఉన్నాయంది ఉడుము. మళ్లీ తొక్కింది.

ఆవిడ వెనక్కి తిరగకముందే నక్క ఆ పొడిలో కూర్చుని బంగారు పళ్లు ఏరుకోవడం మొదలుపెట్టింది.

"కోపగించుకోకు పెద్దమ్మా," అంది తల ఎత్తకుండానే. "నేను రాసిందే నువ్వూ ఒప్పుకున్నావు."

భద్రమ్మ మంద దగ్గరికి చేరేసరికి మడుగులో బురద కూడా పగుళ్లిచ్చింది. ఉన్నవాళ్లంతా తన మొహంలోకే చూస్తున్నారు.

"ఎటు వెళ్దామమ్మా?" అంది సోమి.

తెలియదు అని అనలేకపోయింది. తెలిసినదానిలాగే ముందు నడిచింది. మొదటి రోజు ఎండిన వాగు. రెండో రోజు బండరాళ్లు. గున్నలు రెండు వెనకబడ్డాయి, వాటి తల్లులూ ఆగిపోయారు. మూడోరోజు ఇసుకలో ఏనుగుల అడుగులు కనిపించాయి.

"అమ్మా, ఎవరో మనకంటే ముందే వెళ్లారు! నీళ్లు దగ్గర్లోనే ఉన్నాయి!" సోమి గొంతు ఎండిపోయి ఉన్నా అరిచింది.

భద్రమ్మ వంగి చూసింది. అన్నిటికంటే ముందున్న అడుగులో నెమ్మదిగా తన పాదం పెట్టింది. చుట్టూ వెంట్రుకవాసి కూడా మిగలకుండా సరిపోయింది.

తొందరగా దాటించుకోవాలని విలువైనదానికి మనమే చెత్త అని పేరు పెడితే, లోకం దాన్ని మనచేతే చెత్త చేయిస్తుంది.