కంపమ్మ పందిరి మీది వాన

అనగనగా అడవి ఒకటి కాదు పిల్లలూ, రెండు. గుట్ట మీద ఉన్నది ఎగువ అడవి. గుట్ట కింద ఉన్నది దిగువ అడవి. మధ్యలో హద్దుగా ఒక రాళ్ళ వరస. పైవాళ్ళు కిందికి పోరు, కిందివాళ్ళు పైకి రారు. ఎందుకని అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు.

ఎగువ అడవిలో కంపమ్మ అనే ఏదుపంది ఉండేది. హద్దు పక్కనే మనుషులెవరో కట్టి వదిలేసిపోయిన ప్లాస్టిక్ పందిరి ఇల్లు ఒకటుంటే, దాన్ని బాగుచేసుకుని లోపల దోసపాదులు పెట్టింది. తన ముళ్ళు తగిలి ఎక్కడ చిరుగుతుందోనని ఆ ఇంట్లో పక్కవాటుగా నడిచేది పాపం.

ఆ పాదులంటే కంపమ్మకి ప్రాణం. కాలం మారిపోయింది మరి. ఒకప్పుడు ముసురు పట్టి సన్నగా కురిసే వాన, ఇప్పుడు ఒక్క పూటలో కుండపోతగా కురిసి మాయమవుతోంది. ఆ వెనకే మాడ్చేసే ఎండ. బయట వేసిన మొక్క బతకడం లేదు. ఎగువ అడవి మొత్తానికీ మిగిలిన దోసగింజలు కంపమ్మ నాటినవే. అవి పోతే ఇక అక్కడి పిల్లలు దోసకాయ మొహం చూడరు.

ఆ ఏడు మొదటి వాన పడింది. పందిరి మీది నీళ్ళన్నీ జరజరా జారి, హద్దు దాటి, కిందనున్న పందికొక్కుల బొరియల్లోకి పోయాయి. వాళ్ళ పెద్ద మట్టయ్య తడిసి ముద్దయి రాళ్ళ వరస దగ్గరికి వచ్చాడు.

"కంపమ్మక్కా, నీ పందిరి నీళ్ళు మా ఇళ్ళు ముంచేశాయి. పిల్లల్ని నోట కరుచుకుని బయటపడ్డాం" అన్నాడు.

"వాన కురిపించింది నేనా ఏమిటయ్యా?" అంది కంపమ్మ.

పక్కనున్న తొండ తలూపింది. తొండ దేనికైనా తలూపుతుందనుకోండి.

రెండో వాన పడ్డాక మట్టయ్య ఒక ఉపాయంతో వచ్చాడు.

"అక్కా, మీది రాతినేల, అక్కడ గుంట తవ్వలేవు. మాది జిగటమట్టి, చుక్క ఇంకదు. నీ పందిరి చూరుకి వెదురు దోనె కట్టు. నీళ్ళు దాని వెంట వస్తాయి. మేం కింద చెరువు తవ్వుతాం. సగం నీకు, సగం మాకు."

కంపమ్మకి ఆశ పుట్టిన మాట నిజమే. పందిరి లోపల వాన పడదు కదా! రోజూ రాళ్ళ మధ్య చెలమ నుంచి నీళ్ళు మోసి మోసి నడుము విరిగిపోతోంది. కానీ అంతలోనే అనుమానం వచ్చింది.

"మా నీళ్ళు మీ నేలలో నిలబెడితే రేపు అవి మీవే అంటారు. నేనంత వెర్రిదాన్నా?" అంది.

తొండ తలూపింది.

మూడో వాన పడ్డాక మట్టయ్య మళ్ళీ వచ్చాడు.

"ఇంకొన్నాళ్ళు పోతే నేల గట్టిపడుతుంది, అప్పుడు తవ్వడం కష్టం. నమ్మకం లేకపోతే గట్టు మీద నువ్వే కాపలా కూర్చో అక్కా" అన్నాడు.

"నీళ్ళు వృథాగా పోతే పోనీ. మీకు మాత్రం ఇవ్వను" అంది కంపమ్మ.

మట్టయ్య ఇక రాలేదు.

ఎండాకాలం వచ్చింది. చెలమ అడుగంటింది. ఆకులు వడిలిపోయాయి, పిందెలు రాలడం మొదలైంది. పిల్లలు పందిరి చుట్టూ చేరి "కాయలెప్పుడు అత్తా?" అని అడిగేవారు. కంపమ్మ రాతినేలను తవ్వబోయింది. గోళ్ళు విరిగాయి గాని చెమ్మ తగల్లేదు. కింద దిగువ అడవిలో మాత్రం నీళ్ళు మెరుస్తున్నాయి.

"వెళ్ళి అడగనా?" అంది తొండతో. తొండ తలూపింది.

"అడక్కూడదా?" అంది. దానికీ తలూపింది.

కంపమ్మకి ఒళ్ళు మండింది. చరచరా రాళ్ళు దాటి కిందికి దిగింది.

"నీళ్ళిస్తావా మట్టయ్యా? పాదులు చచ్చిపోతున్నాయి" అంది.

మట్టయ్య దెప్పిపొడవలేదు. "ఉన్నవి కొంచెమే అక్కా. బొరియలు మునగకుండా మా మట్టుకు మేం తవ్వుకున్న గుంట ఇది. నువ్వు ఊఁ అని ఉంటే దీనికి నాలుగింతలు తవ్వేవాళ్ళం. మా పిల్లలు తాగగా, ఒక్క వరసకి సరిపడా ఇవ్వగలను."

కంపమ్మ సిగ్గుతో చితికిపోయింది. ఆ కాసిని నీళ్ళే మోసుకెళ్ళి ఒక్క వరసని బతికించుకుంది. మిగతా పాదులన్నీ కళ్ళముందే ఎండిపోయాయి. ఆ వరసలో కాసిన నాలుగు కాయలనీ పిల్లల కోసం కోయలేదు, గింజల కోసం ఉంచేసింది. పిల్లలు ఏడ్చారు.

"తప్పు నాదేనమ్మా. మీ నోటి దగ్గరి కాయ నేనే పోగొట్టాను" అని కంపమ్మ కూడా ఏడ్చింది.

మళ్ళీ వానలు రాకముందే పందిరి చూరుకి వెదురు దోనె కట్టింది. ఎండిన గింజల్లో సగం తీసుకెళ్ళి మట్టయ్య చేతిలో పెట్టింది. నేల గట్టిపడినా, పందికొక్కులతో కలిసి తానూ రోజుకింత చొప్పున చెరువు తవ్వింది.

మొదటి వాన పడగానే కంపమ్మ పాదుల దగ్గరికి పోలేదు. తడుస్తూ కిందికి పరిగెత్తింది.

"బొరియలు పొడిగా ఉన్నాయా తమ్ముడూ?" అని అరిచింది.

"ఉన్నాయక్కా!" అన్నాడు మట్టయ్య. "పిల్లలు నిద్రపోతున్నారు, నెమ్మదిగా మాట్లాడు."

నీతి: వాన హద్దులు చూసి కురవదు. పక్కవాళ్ళకి దక్కుతుందేమోనని వదిలేసుకున్న నీళ్ళు మన దాహానికీ మిగలవు.